చూపు పాఠం

నా కూతురికి దూరంగా ఉన్నవి కనబడవన్న సంగతి తనకు పదేళ్లు వచ్చేదాకా నాకు తెలియలేదు. తెలియలేదనడం కూడా పూర్తి నిజం కాదు. చివరి నాలుగు నెలలు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఇది రాయడానికి కూర్చున్నది ఆ నాలుగు నెలల గురించే. కానీ అక్కడికి రావాలంటే కొంచెం వెనక నుంచి చెప్పుకురావాలి.

మాది తల్లాడ దగ్గర పల్లె. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. బీఎడ్ చేసి ఖమ్మంలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయన ఎలక్ట్రీషియన్. అడవి అంచున ఉన్న ఒక కోయ గూడెం నుంచి పని కోసం ఖమ్మం వచ్చాడు. ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. ఖానాపురం హవేలిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. పాప నేను పనిచేసే బడిలోనే చదివేది.

పాప రెండో తరగతిలో ఉండగా ఫిర్యాదులు మొదలయ్యాయి. బోర్డు మీద ఉన్నది ఒకటైతే పాప నోటుబుక్కులో రాసేది ఇంకొకటి. పక్కపిల్ల పుస్తకంలోకి తొంగిచూస్తుందని, ధ్యాస నిలవదని క్లాస్ టీచర్ స్టాఫ్ రూములో అందరి ముందే చెప్పేది. ఒకరోజు సాయంత్రం బండి మీద ఇంటికి వస్తుంటే నా నడుము చుట్టూ వేసిన పాప చేతులు కనబడ్డాయి. వేళ్ల కణుపులు ఎర్రగా వాచి ఉన్నాయి. స్కేలుతో కొట్టారు. బోర్డు మీది లెక్క తప్పు ఎక్కించుకున్నందుకు.

నేను మర్నాడే రాజీనామా ఇచ్చాను. పాపను కూడా మాన్పించాను. ఇక ఏ బడికీ పంపనని, చదువు నేనే చెప్పుకుంటానని మా ఆయనతో అన్నాను. పిల్లల్ని ఇంట్లోనే చదివించే తల్లిదండ్రుల గ్రూపు ఒకటి అప్పటికే నా ఫోన్లో ఉండేది. హోమ్‌స్కూలింగ్ అన్న మాట నోట్లో కొత్తగా, రుచిగా ఉండేది. అదే సమయానికి మా ఆయనకు సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని దొరికింది. వాళ్ల గూడెం అక్కడికి బండి మీద అరగంట. అత్తమ్మ సాగు చేసుకుంటున్న రెండెకరాలు ఉండనే ఉన్నాయి. సామాను ట్రాలీలో వేసుకుని వచ్చేశాం.

ఆ మూడేళ్లు నా జీవితంలో నేను ఎక్కువ గర్వపడిన రోజులు. ఒక ఎకరంలో వరి, మిగతాదాంట్లో కంది, మిరప, కూరగాయలు. ఇంటి చుట్టూ వెదురు దడి, పందిరి మీద బీర, సొర. ఆరు మేకలు, పదిహేను దాకా కోళ్లు. దడి దాటితే ఇప్పచెట్లు, వాటి వెనక అడవి. పొద్దున రెండు గంటలు అరుగు మీద చదువు. భిన్నాలు జొన్నరొట్టె తుంచి చెప్పాను. పొదిగిన కోడి కింద గుడ్లకు రోజులు లెక్కబెట్టించి క్యాలెండర్ నేర్పాను. మేక ఈనిన రోజు అదే పాఠం. పాప పుస్తకం చదివేటప్పుడు ముక్కు పేజీకి ఆనేంత దగ్గరగా పెట్టుకునేది. చూసి మురిసిపోయేదాన్ని. "పుస్తకంల పడ్డదంటే ఇగ లోకం తెల్వదు దానికి" అని గ్రూపులో ఫొటో కూడా పెట్టాను.

మా ఇంట్లో నల్లబల్ల ఉండకూడదని నియమం పెట్టింది నేనే. మా ఆయన ఒకసారి ప్లైవుడ్ ముక్కకు నల్లరంగు వేయించి మిల్లు నుంచి బండికి కట్టుకుని తెచ్చాడు. "బోర్డు పెడితే ఇది కూడా బడే అయితది" అని దాన్ని కోళ్లగూటికి తలుపు చేయించాను. గోడ మీద ఒక్కనాడు నాలుగు అక్షరాలు రాసి, వాకిట్లో నిలబెట్టి చదవమని ఉంటే సరిపోయేది. మూడేళ్లలో ఆ ఒక్కనాడు రాలేదు.

దానికి బదులు నేను కనిపెట్టింది చూపు పాఠం. పేరు కూడా నేను పెట్టిందే. రోజూ సాయంత్రం ఎండ తగ్గాక పొలం గట్టు మీద అరగంట కదలకుండా కూర్చోవాలి. ఏం చూస్తే అది నోటుబుక్కులో రాయాలి. పిల్లలు చూడటం మర్చిపోతున్నారని, బడులు వాళ్ల కళ్లను మూసేస్తున్నాయని నేను గట్టిగా నమ్మేదాన్ని.

మొదట్లో పాప చీమల గురించి రాసేది. గట్టు మీది గడ్డి, పీతల బొరియలు, తన కాలి మీద పాకిన గొంగళిపురుగు. అన్నీ చేయి చాస్తే అందేవే. నాకు అవి ఆనలేదు. "కాళ్లకాడియే రాస్తవేంది, తల ఎత్తి చూడు జర" అనేదాన్ని. కొన్నాళ్లకు పిట్టల గురించి రాయడం మొదలుపెట్టింది. జెముడుకాకి, వడ్రంగిపిట్ట, చిలుకలు, పూరేడు. ఎటువైపు ఉన్నాయో కూడా రాసేది. నాయనమ్మతో అడవికి తిరిగి తిరిగి పాపకు వాటి కూతలన్నీ వచ్చు. నేను మాత్రం పాప చూసే రాస్తోందనుకున్నాను.

ఒక ఆదివారం హైదరాబాదు నుంచి భార్యాభర్తలు వచ్చారు. వాళ్ల బాబును కూడా ఇంట్లోనే చదివించాలని ఆలోచిస్తున్నారు, మా ఇల్లు చూసి వెళ్దామని వచ్చారు. ఇప్పచెట్ల కింద చాప వేసి కూర్చోబెట్టాను. పాపను కళ్లు మూసుకోమని, వినబడే పిట్టలన్నీ చెప్పమన్నాను. ఏడు పేర్లు చెప్పింది. ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. "మా పాప చూడకుండనే చెప్తది" అన్నాను నవ్వుతూ. పాప కూడా నవ్వింది. కళ్లు మూసుకున్నప్పుడే తనకు ఏ ఇబ్బందీ లేదని, తెరిచినప్పుడే భయమని, ఆ నవ్వులో నాకు కనబడాల్సింది. కనబడలేదు.

ఇక కొంగల సంగతి.

పాపకు తొమ్మిదేళ్లప్పుడు. నాట్లు పడి పదిరోజులైంది. పక్క పొలంలో కొంగలు దిగుతాయి గదా, రోజూ ఎన్ని దిగుతున్నాయో లెక్కపెట్టి రాయమని చెప్పాను. నెల తర్వాత వాటితో గ్రాఫు గీయించాలని నా ఆలోచన. వారం రోజులు చక్కగా రాసింది. ఆ తర్వాత ఒక సాయంత్రం నేను కూడా వెళ్లి పక్కన కూర్చున్నాను. పొలంలో ఒక్క కొంగ కూడా లేదు. పాప కొంచెంసేపు కళ్లు చిట్లించి, పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టుకుని "పదకొండు" అని రాసింది.

"ఏవి?" అన్నాను.

"అగో, తెల్లగ ఉన్నయ్ గద."

"ఒక్కటి లేదు అక్కడ. నిన్న కూడ గిట్లనే రాసినవా?"

పాప నోటుబుక్కు ఒళ్లోకి లాక్కుంది.

"అబద్ధాలు రాస్తున్నవా నాకు?"

"లేదమ్మా."

"మరి ఏవి చూపియ్."

చేయి ఎత్తి ఎటో చూపించింది. అటువైపు అడవిపందులు రాకుండా పొలం చుట్టూ కర్రలు పాతి తెల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. నేను ఆ గుడ్డలను చూస్తూనే ఉన్నాను. పాపకు అవి తెల్ల మచ్చల్లా కనబడుతున్నాయని, వాటినే కొంగలనుకుని నిజాయితీగా లెక్కపెట్టి రాస్తోందని నాకు తట్టలేదు. నోటుబుక్కు లాక్కుని నడిమికి చింపాను. మడిలోకి విసిరేశాను. అబద్ధాలు ఆడే పిల్లకు చదువెందుకని అన్నాను. రెండు రోజులు పాపతో మాట్లాడలేదు. అన్నం పెట్టాను, జడలు వేశాను, మాట మాత్రం మాట్లాడలేదు. నా బిడ్డ వేళ్ల మీద ఒక టీచర్ స్కేలుతో కొట్టిందని ఉద్యోగం వదిలేసి వచ్చినదాన్ని నేను.

ఆ తర్వాత పాప ఎప్పుడూ నేను ఏం చూశానని చెబితే అదే తనూ చూశానని రాసేది. "ఏం కనపడ్డదమ్మా నీకు?" అని ముందు నన్ను అడిగేది. తల్లి మీద ప్రేమ అనుకున్నాను.

మరుసటి ఏడు ఇప్పపువ్వు రాలే రోజులు వచ్చాయి. తెల్లవారుతుండగానే అత్తమ్మ, పాప గంపలు పట్టుకుని చెట్ల కిందికి వెళ్లేవారు. వారం తర్వాత ఒక పొద్దున అత్తమ్మ గంప దించి, పువ్వు ఆరబోస్తూ, పాప వినకుండా చెప్పింది.

"బిడ్డా, పిల్లకు సూపు ఆనుత లేదు."

"ఏందత్తమ్మా గట్లంటవ్. నిద్రమత్తుల ఉంటది పొద్దుగాల."

"నిద్రమత్తు కాదు. వంగి చేత్తోటి తడుముకుంట ఏరుతాంది. నాలుగు అడుగుల అవతల పువ్వు పరుసుకుని ఉంటె దాటుకుంట పోతాంది. నేను ముసల్దాన్ని, నాకే ఆనుతాంది. దవాఖానాకు తీస్కపో."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదేమో, దానిమీద కోపం తెచ్చుకుని తప్పించుకునేదాన్ని. సరేలే చూద్దాం అని లేచిపోయాను. ఆ మధ్యాహ్నం పాపను పందిరి కింద నిలబెట్టి, మేకలపాక దగ్గర నుంచి వేళ్లు చూపించి ఎన్నని అడిగాను. ఆట అనుకుంది. నాలుగు చూపిస్తే మూడంది. రెండు చూపిస్తే మళ్లీ మూడంది. ఒకటి చూపిస్తే, నా ముఖంలో ఏముందో చూడటానికి అన్నట్టు రెండడుగులు ముందుకు వచ్చి, "మూడేనా అమ్మా?" అంది.

నేను సైన్సు టీచర్ని. కన్ను బొమ్మ గీసి, కటకం, దూరదృష్టి, హ్రస్వదృష్టి అని ఎన్ని క్లాసులకు చెప్పానో లెక్కలేదు. ఆ నిమిషంలో నాకు అంతా అర్థమైంది. ఖమ్మం బడిలో బోర్డు కూడా గుర్తుకొచ్చింది. పాపతో "అవ్, మూడే" అన్నాను.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను చేసింది ఇదీ. ఎండలు తగ్గాక పోదామనుకున్నాను. ఎండలు తగ్గాక విత్తనాలు వేసే పని అన్నాను. మా ఆయన షిఫ్టు మారితే పోదామన్నాను. ఆయన షిఫ్టు రెండుసార్లు మారింది. ఈలోపల రోజూ పొన్నగంటికూర వండాను, మునగాకు పప్పు చేశాను. కళ్లకు మంచిదని పాప చేత తినిపించాను. ఆకుకూర తింటే ఆ దోషం పోదని తెలిసే వండాను. అత్తమ్మ ఆ కూర ఎందుకో అర్థం చేసుకుని, మాట్లాడకుండా దొడ్లోంచి కోసుకొచ్చి ఇచ్చేది.

ఎందుకు ఆగానో నాకు తెలుసు. దవాఖానాకు పోతే ఆ సంగతి పదిమందికి తెలుస్తుంది. తల్లాడలో మా అన్న, వదిన "మేం చెప్పలే?" అంటారు. గ్రూపులో ఏం రాయాలి? ఆ క్లాస్ టీచర్ చెవిన పడితే? బడిలోనే ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో పట్టేసేవారు గదా. నా మూడేళ్ల చదువు ఒక్క చీటీతో కొట్టుకుపోతుందని భయం. పాప కళ్ల కంటే నా మాట నెగ్గడం నాకు ముఖ్యమైంది. ఇంతకంటే మర్యాదగా చెప్పే దారి నాకు దొరకలేదు.

వానలు పడ్డాక ఒక శుక్రవారం సంతకు వెళ్లాం. నేను ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. ఎండుచేపల దగ్గర బేరం చేస్తుంటే పాప చేయి వదిలి మిఠాయిల వైపు వెళ్లింది. తిరిగి చూసేసరికి పది అడుగుల దూరంలో జనం మధ్య నిలబడి నాకోసం వెతుకుతోంది. నేను చేయి ఊపాను. పాప నా వైపే చూసింది. నా ముఖం మీదుగా చూపు వెళ్లిపోయింది. ఆగలేదు. అప్పుడే అటుగా ఆకుపచ్చ చీర కట్టుకున్న ఇంకో ఆవిడ వెళుతుంటే, పాప పరిగెత్తి ఆమె కొంగు పట్టుకుని వెంట నడవడం మొదలుపెట్టింది. ఆవిడ గమనించలేదు. గాజుల దుకాణం దాకా వెళ్లారు. నేను వెంట నడిచి, భుజం మీద చేయి వేశాను. పాప తలెత్తి నన్ను, ఆవిడను మార్చి మార్చి చూసి, కొంగు వదిలేసి, "తప్పైందమ్మా" అంది.

తప్పు తనదనుకుంది.

మర్నాడు పొద్దున్నే భద్రాచలం వెళ్లాం. కంటి డాక్టరు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడే మనిషి. అద్దాలు మార్చి మార్చి పెట్టి చాలాసేపు చూశాడు. ఒక కంటికి మైనస్ నాలుగు, ఇంకో కంటికి నాలుగున్నర.

"చాలా ఉందమ్మా. ఈ మధ్య వచ్చింది కాదిది. మూడు నాలుగేళ్ల కిందటే మొదలై ఉంటుంది. ఏ క్లాసు చదువుతోంది?"

"ఐదు."

"బోర్డు కనబడటం లేదని స్కూల్లో ఎవరూ చెప్పలేదా?"

"లేదండీ."

"ఏ స్కూలు?"

"మా ఊళ్లో సర్కారు బడండీ" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "వాళ్లకేం పడుతుందండీ పిల్లల సంగతి" అని కూడా అన్నాను.

ఆ బడిలో పాప ఒక్కరోజు కూడా కూర్చోలేదు. ఉన్నది ఇద్దరు టీచర్లు. ఒక సారు ప్రతి జూన్‌లో మా ఇంటికి వచ్చి, పాపను చేర్పించమని అడిగి, మంచినీళ్లు తాగి వెళ్లేవాడు. డాక్టరు తల ఊపి చీటీ రాసుకుంటున్నాడు. పాప ఎత్తు కుర్చీలో కూర్చుని నా గొంతు వచ్చే వైపు చూస్తోంది.

వచ్చేటప్పుడు ఆటోలో గోదావరి బ్రిడ్జి మీదికి వచ్చాక అడిగింది.

"అమ్మా, ఆ సారు మీద ఎందుకు చెప్పినవ్?"

"భయమైంది బిడ్డా."

"డాక్టరు కొడ్తడనా?"

"కాదు. నా తప్పని తెలుస్తదని."

"నాక్కూడ భయమైతది. నువ్వు ఎన్ని కొంగలు అని అడిగినప్పుడు. కొన్నిసార్లు తెల్లగ కనపడితే రాసిన. కొన్నిసార్లు ఏం కనపడక రాసిన. అందరికీ గట్లనే కనపడ్తదనుకున్న. అందరూ గట్లనే చెప్తరనుకున్న" అంది.

పక్కన కూర్చున్న ఆవిడ మమ్మల్ని చూస్తోంది. నేను పాప చేయి పట్టుకున్నాను.

నాలుగు రోజులకు అద్దాలు తయారయ్యాయని ఫోను వస్తే ఇద్దరం మళ్లీ వెళ్లాం. అద్దాలు పెట్టించుకున్నాక, డాక్టరు గదిలోకి వెళ్లి, పాప ఏ బడికీ వెళ్లదని, ఇంట్లో నేనే చదివిస్తున్నానని, మొన్న చెప్పింది అబద్ధమని చెప్పాను. ఆ మాట పాప ముందే చెప్పాలని వెంట తీసుకెళ్లాను. ఆయనకు నేను గుర్తు కూడా లేనట్టుంది. "సరేనమ్మా, ఆర్నెల్లకోసారి చూపించండి" అని తర్వాతి మనిషిని పిలిచాడు. నాలుగు రోజులు కూడగట్టుకున్న మాట అర నిమిషంలో అయిపోయింది.

బయటికి వచ్చాక పాప మెట్ల మీదే ఆగిపోయింది. కరెంటు తీగల వైపు చూస్తోంది.

"అమ్మా, తీగల మీద పిట్టలు కూసుంటయా?"

"అవ్."

"నాకెవ్వరు చెప్పలే." మళ్లీ చూసి, "అవి ఏ పిట్టలు?" అని అడిగింది. పావురాలు. గొంతు వింటే కిలోమీటరు దూరం నుంచి చెప్పే పిల్ల.

ఆ సాయంత్రం మా ఆయన మిల్లు నుంచి వచ్చి, పాప అద్దాలు తీసి చూసి, మళ్లీ జాగ్రత్తగా ముక్కు మీద పెట్టాడు. పాప నాయనమ్మకు చూపిద్దామని పరిగెత్తాక నా వైపు తిరక్కుండానే అన్నాడు. "నాకు పోయినేడే అనుమానమొచ్చింది. బండి మీద వస్తుంటే చెయ్యి ఊపుతె ఊపేది కాదు, హారను కొడితేనే ఊపేది."

"మరి చెప్పకపోయినవ్?"

"నీకేం చెప్తం. బోర్డు తెస్తే కోళ్లకు పెట్టినవ్. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెల్వదా అనుకున్న."

ఈ మాట నన్ను డాక్టరు మాటకంటే ఎక్కువ కోసింది. ఇంట్లో ముగ్గురికీ ఎంతోకొంత తెలుసు. పాపకు భయం, ఆయనకు మొహమాటం. అత్తమ్మ ఒక్కతే నోరు తెరిచి చెప్పింది, ఆమె మాట కూడా నేను తోసేశాను. స్కేలు పట్టుకోకుండానే ఇంటిల్లిపాదినీ అలా నోరు మూయించి కూర్చోబెట్టాను.

వారం తర్వాత పాపకు జడ వేస్తూ క్షమించమని అడిగాను. నోటుబుక్కు చింపినందుకు, మాట్లాడకుండా ఉన్నందుకు, నాయనమ్మ చెప్పినా తీసుకెళ్లనందుకు. ఒక్కొక్కటే పేరుపెట్టి చెప్పాను. నాలుగు నెలల సంగతి పాపకు అప్పటిదాకా తెలియదు. అద్దాల వెనక కళ్లు చిన్నవిగా కనబడుతున్నాయి.

"నీకు తెలుసా అప్పుడే?" అంది.

"తెలుసు."

రిబ్బను తనే ముడి వేసుకుని, "నేను బడికి పోత" అంది. శిక్షగా అనలేదు. ఊళ్లో పిల్లలందరూ పోతారు, తనకూ పోవాలని ఉందట, ఎప్పటినుంచో ఉందట. అడిగితే నేను ఏడుస్తానని అడగలేదట.

మరుసటి సోమవారం తీసుకెళ్లాను. ఆ సారు ఒక్క ప్రశ్న వేయకుండా రిజిస్టరులో పేరు ఎక్కించుకున్నాడు. ఆయన గురించి దవాఖానాలో నేను అన్న మాట ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సింది. రోజూ దారిలో ఎదురుపడి నమస్కారం పెడతాడు, నేను తల వంచుకుని పెడతాను.

పాప ఇప్పుడు ఆరో తరగతి, రోడ్డు మీది హైస్కూలుకు వెళుతోంది. చదవడంలో ముందుంది, ఇంగ్లీషు స్పెల్లింగుల్లో బాగా వెనకబడింది. అది నా బోధనే. సాయంత్రం పూట ఇప్పుడు పాప రిబ్బన్లు విప్పుకుని నాయనమ్మ పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటుంది. ఇద్దరూ కోయలో ఏదో మాట్లాడుకుని నవ్వుతారు. నాకు సగమే అర్థమవుతుంది. మొదట్లో వెళ్లి తప్పులు దిద్దేదాన్ని. "మా సారు ఇట్ల చెప్పలే" అంటుంది, నిజంగానే మర్యాదగా. ఇప్పుడు దూరంగా ఉండి మేకలకు ఆకు వేసుకుంటున్నాను.

మొన్న చెకప్‌లో నంబరు ఇంకో అర పెరిగింది. ముందే అద్దాలు పెట్టి ఉంటే ఇంతదాకా వచ్చేదా అని డాక్టరును అడిగాను. "చెప్పలేం" అన్నాడు. కాదనైనా అనలేదు, అవుననైనా అనలేదు. బస్సులో వస్తుంటే పాప నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అద్దాలు వంగిపోతాయని తీసి, కొంగుతో తుడిచి, ఊరు వచ్చేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.